అనుమతి లేని అప్‌డేట్: జర్మనీ నుంచి ఒక పాఠం

కంప్యూటర్ కొనుక్కున్నవాడు దానికి యజమాని. నెలనెలా రుసుము కట్టి ఇంటికి ఇంటర్నెట్ తెచ్చుకున్నవాడు ఆ లైనుకు హక్కుదారు. అయినా ఆ లైను మీదుగా సాగే రాకపోకలలో కొంత భాగం ఆయన ప్రమేయం లేకుండానే జరుగుతూ ఉంటుంది. అందులో ప్రధానమైనవి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు. భద్రతాలోపాలను సరిదిద్దేవి గనుక అవి అవసరమనడంలో సందేహం లేదు. అవసరమైన పని కాబట్టి అడగకుండా చేయవచ్చునా అన్నదే ప్రశ్న. జర్మనీలో ఆ ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్ళింది.

ఆరు గిగాబైట్ల వివాదం

2015 జులై 29న విండోస్ 10 విడుదలైంది. విండోస్ 7, 8.1 వాడేవారికి ఒక ఏడాదిపాటు దాన్ని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చింది. అయితే కోరుకోనివారి కంప్యూటర్లలోకి కూడా దాని ఇన్‌స్టలేషన్ ఫైళ్ళు ముందుగానే దిగాయి. వాటి పరిమాణం 6 గిగాబైట్ల వరకూ ఉండేది. అవి చేరింది సాధారణంగా కంటికి కనిపించని ఒక ఫోల్డర్‌లోకి. స్టుట్‌గార్ట్ కేంద్రంగా పనిచేసే బాడెన్-వ్యుర్టెంబర్గ్ వినియోగదారుల సలహా కేంద్రం, అంటే అక్కడి ఫెర్‌బ్రౌఖర్‌త్సెంట్రాలె, దీనిపై దావా వేసింది. చివరకు 2017లో, వినియోగదారుల సమ్మతి లేకుండా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టలేషన్ ఫైళ్ళను వారి హార్డ్ డిస్క్‌లోకి దించబోమని మైక్రోసాఫ్ట్ లిఖితపూర్వకంగా హామీ ఇచ్చింది.

ఈ హామీ పరిధిని సరిగా గ్రహించాలి. అది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు సంబంధించినదే గాని, నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లను ఉద్దేశించినది కాదు. అప్‌డేట్లను ఇతరులకు పంచిపెట్టే ఏర్పాటు ప్రసక్తి కూడా అందులో లేదు.

దించుకోవడమే కాదు, పంచిపెట్టడం కూడా

ఆ ఏర్పాటు పేరు డెలివరీ ఆప్టిమైజేషన్. ఒకే అప్‌డేట్‌ను కోట్లాది యంత్రాలు ఒకే కేంద్రం నుంచి తెచ్చుకోవడానికి బదులు, ముందుగా తెచ్చుకున్న కంప్యూటర్ పక్క కంప్యూటర్‌కు కొన్ని ముక్కలు అందిస్తుంది. టొరెంట్ల వెనుక ఉన్న సూత్రమే ఇది. వచ్చిన ప్రతి ముక్కనూ మైక్రోసాఫ్ట్ నుంచి విడిగా అందిన హ్యాష్ విలువలతో సరిపోల్చి చూస్తారు గనుక, దారిలో ఎవరైనా దాన్ని మార్చితే తిరస్కరిస్తారు. వ్యక్తిగత ఫైళ్ళ జోలికి ఈ ఏర్పాటు పోదు.

పంపకం రెండు స్థాయులలో జరగవచ్చు. మొదటిది ఇంటి నెట్‌వర్క్ లోపల. రెండవది ఇంటర్నెట్‌లోని అపరిచిత కంప్యూటర్లతో. విండోస్ 10 తొలినాళ్ళలో సంస్థలకు, విద్యాలయాలకు ఉద్దేశించిన ఎడిషన్లలో మొదటి స్థాయి మాత్రమే తెరచి ఉండేది. హోమ్, ప్రో ఎడిషన్లలో రెండూ తెరచి ఉండేవి. సంస్థల నెట్‌వర్క్‌ను చూసుకోవడానికి నిపుణులుంటారు. గృహస్థుకు ఆ తోడు లేదు. ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోటనే ఎక్కువ ద్వారాలు తెరచి ఉంచారన్నమాట.

అప్‌లోడ్ ఎందుకు బరువు

జర్మనీలో స్థిర ఇంటర్నెట్‌కు డేటా పరిమితి సమస్య దాదాపు లేదు. 75 గిగాబైట్లు దాటాక వేగం తగ్గిస్తామని 2013లో డాయిచ టెలికోమ్ ప్రకటించినా, అదే ఏడాది అక్టోబర్ 30న కొలోన్ న్యాయస్థానం ఆ నిబంధన చెల్లదన్నది. అసలు ఇబ్బంది అప్‌లోడ్ వేగంతో. పాత రాగితీగ లైన్లలో డౌన్‌లోడ్ సెకనుకు 16 మెగాబిట్లున్నా, అప్‌లోడ్ సుమారు 1 మెగాబిట్ మాత్రమే. ఆ వేగంతో ఒక గిగాబైటు పంపడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. పైగా, వచ్చిన సమాచారానికి అందినట్టు తిరుగు కబురు పంపవలసిందీ ఆ సన్నని దారినే. అది కిక్కిరిస్తే డౌన్‌లోడ్ కూడా నెమ్మదిస్తుంది. హైదరాబాదులోని తల్లిదండ్రులతో వీడియో కాల్ తెగిపోతుంది.

మరొక భయం చట్టపరమైనది. టొరెంట్‌తో సినిమా దించుకుంటే అదే సమయంలో దాన్ని ఇతరులకు పంచినట్టే. ఆ పంచడాన్ని పట్టుకొనే, హక్కుదారుల న్యాయవాదులు ‘ఆబ్‌మానుంగ్’ అనే హెచ్చరిక లేఖను, పరిహారం కోరుతూ, లైను ఎవరి పేరిట ఉంటే వారికి పంపుతారు. కొత్తగా వచ్చిన విద్యార్థులు సీనియర్ల నుంచి మొదట వినే హెచ్చరికల్లో ఇదొకటి. డెలివరీ ఆప్టిమైజేషన్‌కు ఆ ప్రమాదం లేదు. అందులో ప్రవహించేవి స్వయంగా హక్కుదారే పంపే ఫైళ్ళు. అయితే ఇంటర్నెట్ స్థాయిలో పంచేటప్పుడు ఐపీ చిరునామా ఎదుటి కంప్యూటర్‌కు తెలుస్తుందన్నది నిజం.

అదుపులో పెట్టుకునే మార్గం

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని కింద డెలివరీ ఆప్టిమైజేషన్ ఉంటాయి. జర్మన్ భాషలో నడిచే విండోస్‌లో దీని పేరు ‘ఊబర్‌మిట్లుంగ్స్‌ఒప్టిమీరుంగ్’. ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లుంటే స్థానిక నెట్‌వర్క్ ఎంపిక లాభమే: ఒకటి తెచ్చుకున్నది మిగిలినవాటికీ ఉపయోగపడుతుంది. వాటిలో ఒకటి రూటర్ అతిథి వైఫైలో ఉంటే మాత్రం ఈ లాభం అందకపోవచ్చు, ఎందుకంటే అతిథి పరికరాలను మిగిలినవాటి నుంచి విడిగా ఉంచడమే ఆ వైఫై ఉద్దేశం. విద్యార్థి వసతిగృహాల్లో పరిస్థితి వేరు. అక్కడ ఎందరో ఒకే బహిరంగ ఐపీ చిరునామా వెనుక ఉంటారు గనుక, స్థానికం అంటే తన గది మాత్రమే కాదు. అలాంటి చోట పంపకాన్ని పూర్తిగా ఆపుకోవచ్చు. అప్‌డేట్లు నేరుగా మైక్రోసాఫ్ట్ నుంచి వస్తూనే ఉంటాయి.

అక్కడే అప్‌లోడ్ వేగానికీ, నెలవారీ పరిమాణానికీ హద్దు పెట్టుకునే వీలుంది. ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది యాక్టివిటీ మానిటర్ చూపుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేటప్పుడు ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, జర్మన్‌లో ‘గెటాక్టెటె ఫెర్‌బిండుంగ్’గా, గుర్తిస్తే మొబైల్ డేటా చాలావరకు ఆదా అవుతుంది.

చేయకూడనిది ఒక్కటే: విసుగుతో అప్‌డేట్లనే ఆపివేయడం. 2022 జనవరి 1 నుంచి జర్మన్ పౌరస్మృతి డిజిటల్ ఉత్పత్తులకు అవసరమైన అప్‌డేట్లు అందించడాన్ని విక్రేత బాధ్యతగా చేసింది. అందిన అప్‌డేట్‌ను వినియోగదారుడు వేసుకోకపోతే, తగిన సమాచారం ఇచ్చిన విక్రేత ఆ కారణంగా తలెత్తే లోపానికి బాధ్యుడు కాడు. అప్‌డేట్ పొందడం హక్కు, వేసుకోవడం బాధ్యత. దాన్ని ఇతరులకు మోసిపెట్టడం మాత్రం ఉపకారం. ఉపకారం అడిగి చేయించుకోవలసినది.