కుండ మోగించి కొనాలి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి కప్పుల మీద సుత్తి చప్పుళ్ళు ఆగిపోతాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో నిబంధన. ఆ రెండున్నర గంటలు పాత షెడ్డు నీడలో కూర్చుని కరక్ చాయ్ తాగడం నాకు అలవాటు. ఫైబర్‌గ్లాస్ నీళ్ళ ట్యాంకులు చేస్తూ ఇక్కడే ఇరవై ఆరేళ్ళు గడిపాను. పని మానేసినా కాళ్ళు ఇటే లాగుతాయి.

ఓ రోజు మనవరాలు వెంటపడింది. ఏడో తరగతి. వస్తూనే వాకిట్లో ఎండకి ఉన్న ట్యాంకు మీద చెయ్యి వేసి, అబ్బా అని వెనక్కి లాక్కుంది.

"తాతయ్యా, ఈ ఎండకే ఇంత కాలుతోందే, పైనుంచి మంటల్లో దిగే వ్యోమనౌక కరిగిపోదూ? దాన్ని ఏ ఇనుముతో చేస్తారు?"

"ఇనుము కాదమ్మా. బట్ట, జిగురు."

వేళాకోళం అనుకుని నవ్వింది. నిజమే చెప్పాను.

మా పని చూడనివాళ్ళ కోసం చెబుతాను. ముందు అచ్చుకి మైనం రుద్దుతాం, దాని మీద జెల్‌కోట్ పూస్తాం. అది వేలికి అంటీ అంటనట్టు ఉండగానే గాజు పీచు మ్యాట్ పరిచి, హార్డెనర్ కలిపిన రెసిన్ బ్రష్షుతో అద్ది, రోలరుతో నొక్కుకుంటూ పోతాం. దాని మీద ఇంకో పొర, మళ్ళీ రోలరు. గాలి బుడగ మిగలకూడదు. మిగిలిందా, అక్కడ పొరకి పొర అంటదు. ఈ పనిలో విద్య అంతా ఆ రోలరు పట్టిన చేతిలోనే ఉంది. గాజు పీచు విడిగా దూదిలా నలుగుతుంది, గడ్డకట్టిన రెసిన్ విడిగా అప్పడంలా విరుగుతుంది. రెండూ కలిస్తే వెయ్యి గ్యాలన్ల నీళ్ళు మోస్తాయి. మన ఊళ్ళలో మట్టిగోడ పెట్టేటప్పుడు బురదలో వరిగడ్డి వేసి తొక్కేవాళ్ళు. మట్టి నొక్కుడుని కాచుకునేది, గడ్డి లాగుడుని కాచుకునేది. కాంపోజిట్ అని ఇప్పుడు పెద్ద పేరు పెట్టారు గానీ మా అమ్మమ్మ ఇల్లు అంతా అదే.

గాజు పీచుకి బదులు కార్బన్ పీచు వాడితే అది విమానం రెక్క అవుతుంది, ఉపగ్రహం ఒళ్ళు అవుతుంది. కార్బన్ పీచుకి ఇంకో సుగుణం ఉంది. వేడెక్కితే నిలువునా సాగదు, సరిగ్గా చూస్తే పిసరంత కుంచించుకుంటుంది కూడా. ఒక పక్క ఎండకి మాడుతూ ఇంకో పక్క నీడలో గడ్డకట్టే ఉపగ్రహం వంకర పోకుండా ఉండాలంటే అలాంటి పీచే కావాలి. ఈ దేశంవాళ్ళు అంగారకుడికి పంపిన ‘హోప్’ కూడా అంతే. అల్యూమినియం తేనెపట్టుకి రెండు వైపులా కాంపోజిట్ పలకలు అంటించిన కట్టడం. 2020 జూలై 20న జపాన్‌లోని తనెగషిమా నుంచి బయల్దేరి 2021 ఫిబ్రవరి 9న చేరింది. మన షార్జా పేరు పెట్టుకున్న బుల్లి ఉపగ్రహం షార్జా-శాట్-1 కూడా 2023 జనవరి 3న వెళ్ళింది. అవి వెళ్ళడానికే పుట్టాయి, తిరిగి రానక్కర్లేదు. అసలు కష్టం తిరిగి రావడంలోనే ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఈ ముక్క నేను చెప్పాలా!

భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగేది సెకనుకి దాదాపు 8 కిలోమీటర్లు పోతుంది. షార్జా-దుబాయ్ దారిలో గంటన్నర ఇరుక్కుని ఇంటికొచ్చే మా అబ్బాయికి చెబితే నమ్మడు. ఆ వేగంలో ఒక్కో కిలో బరువులో దాగున్న శక్తి అంతా వేడిగా మారితే సుమారు 12 లీటర్ల నీళ్ళు మరిగి చుక్క మిగలకుండా ఆవిరైపోతాయి. 550 కిలోల డబ్బా అయితే ఆరున్నర వేల లీటర్లు, అంటే మా ట్యాంకులు ఒకటిన్నర. కిందికి దిగే ఆ కొద్ది నిమిషాల్లో అంత వేడినీ ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి.

ఈ వేడి గాలి రాపిడి వల్ల వస్తుందని అందరూ అంటారు. రాపిడి వాటా తక్కువే. తప్పుకోవడానికి వ్యవధి దొరకని గాలి ముందర నలిగిపోయి మండిపోతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చుర్రుమంటుందే, ఆ వేడే ఇది. బాణంలా ముక్కు సన్నగా పెడితే గాలిని చీల్చుకుని హాయిగా వచ్చేస్తుందని మొదట్లో అందరూ అనుకున్నారు. 1950ల మొదట్లో అమెరికాలో హెచ్. జూలియన్ అలెన్ అనే ఆయన దానికి అడ్డం తిరిగాడు. ముక్కు మొద్దుగా పెట్టమన్నాడు. మొద్దు ముక్కు ముందు గాలి గోడ కట్టినట్టు దూరంగా నిలబడుతుంది. వేడిలో పెద్ద భాగం గాలిలోనే పుట్టి గాలితోనే పక్కలకి కొట్టుకుపోతుంది. నౌకకి తగిలేది మిగిలిన కాస్తే.

"ఆ కాస్తా ఎంత?"

"ఇనుముని నీళ్ళలా చేసేంత."

ఇక్కడ మా ఆవిడ కుండ సంగతి చెప్పాలి. ఓసారి తుని నుంచి మంచినీళ్ళ కుండ ఒకటి చీరల మధ్య పొట్లం కట్టి తెచ్చుకుంది. బాల్కనీలో పెట్టింది. ఆగస్టు నెల. నీళ్ళు చల్లబడవే! కుండలో మోసం ఉందని కుమ్మరిని తిట్టింది. కుండ తప్పేం లేదు. కుండ ఒళ్ళంతా చెమర్చి, ఆ చెమట ఆవిరైపోతూ నీళ్ళలోని వేడిని మోసుకుపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో ఆగస్టు ఉక్కకి చెమట ఆరనే ఆరదు, వేడి పోయే దారి లేదు. చెప్పొచ్చేదేమంటే కుండ వేడితో పోట్లాడదు. తనలోంచి కాస్త ఇచ్చి, వేడిని దాని వెంట సాగనంపుతుంది.

నౌక ముక్కు కూడా ఆ పనే చేస్తుంది, నీళ్ళకి బదులు తన ఒంటినే ఇస్తుంది. కార్బన్ బట్టకి ఫినాలిక్ రెసిన్ పట్టించి గట్టిపరుస్తారు. ఫినాలిక్ అంటే ఎక్కడో ఉండేది కాదు, కుక్కర్ నల్ల పిడి బేకలైట్ ఉందే, ఆ జాతిదే. మా ట్యాంకు రెసిన్‌కి నిప్పంటుకుంటే నల్ల పొగతో కాలిపోతుంది. ఫినాలిక్ అలా కాదు, కరగదు, బొగ్గవుతుంది. బొగ్గయ్యేటప్పుడు లోపలి నుంచి వాయువులు బయటికి తన్నుకొస్తూ వేడిని వెంట తీసుకుపోతాయి, పైగా నౌకకీ మండే గాలికీ మధ్య తెరలా నిలుస్తాయి. పైన మిగిలిన బొగ్గు పొర ఎర్రగా వెలుగుతూ ఇంకొంత వేడిని ఆకాశంలోకి విసిరేస్తుంది. పొర అరుగుతూ పోతుంది. అరిగేది పూర్తయ్యేలోగా కిందికి దిగాలి. అంచనా అంతా అక్కడే.

మన శ్రీహరికోట నుంచే ఇది చేసి చూశారు. 2007 జనవరి 10న పీఎస్‌ఎల్‌వీ-సీ7 మీద ఎస్‌ఆర్‌ఈ-1 అనే 550 కిలోల డబ్బాని పంపారు. పన్నెండు రోజులు భూమి చుట్టూ తిప్పి, జనవరి 22న బంగాళాఖాతంలో దింపి పడవల మీద తెచ్చుకున్నారు. దాని ముక్కున ఈ కార్బన్ ఫినాలికే. పక్కలకి మాత్రం సిలికా పలకలు అంటించారు. అవి చెమర్చవు, అరగవు, ఊరికే వేడిని లోపలికి రానివ్వవు. వాటి కిటుకు గాలి. అమెరికా షటిల్‌కి వాడిన ఇలాంటి పలకల్లో నూటికి తొంభై పాళ్ళకి పైగా గాలే, మిగిలింది సన్నటి సిలికా పీచు. పన్నెండు వందల డిగ్రీల కొలిమిలోంచి తీసిన పలక లోపల ఎర్రగా వెలుగుతుండగానే మూలలు పట్టుకుని చేత్తో ఎత్తేవాళ్ళు. సిలికా అంటే ఇసుకే కదా, ఇక్కడ ఎడారి నిండా ఉంది కదా అంటుంది పిల్ల. ఈ తీరం ఇసుకలో గవ్వల పొడి, సున్నం పాలు ఎక్కువమ్మా, దీంతో ఆ పని కాదు.

ఇంకా ఎక్కువ వేడి తగిలే చోటికి కార్బన్-కార్బన్ అని ఉంది. కార్బన్ బట్టని రెసిన్‌తో గట్టిపరిచి, గాలి తగలకుండా కాలుస్తారు. మన బొగ్గు బట్టీల్లో కట్టెలు పేర్చి మట్టి కప్పి కాల్చేవాళ్ళే, అలాగ. రెసిన్ బొగ్గయిపోతుంది, మధ్యలో సందులు పడతాయి. మళ్ళీ రెసిన్ పట్టిస్తారు, మళ్ళీ కాలుస్తారు. ఎన్నిసార్లో! చివరికి పీచూ బొగ్గే, జిగురూ బొగ్గే. హైదరాబాద్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో అబ్దుల్ కలాంగారు ఉన్న రోజుల్లో తయారై, 1989 మే 22న చాందీపూర్ నుంచి ఎగిరిన అగ్ని క్షిపణి ముక్కు ఈ రకం. అంతకంటే నాకు నచ్చిన కథ వేరే ఉంది. ఆ ప్రయోగశాలలోని తేలిక పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన చేత్తో ఎత్తి చూసి, కలాంగారిని తన వార్డుకి తీసుకెళ్ళారు. అక్కడ పోలియో పిల్లలు కాలికి మూడేసి కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటున్నారు. కొన్ని వారాల్లోనే మూడు వందల గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆకాశం సంగతి సరే, ఒక పిల్ల కాలి మీంచి రెండు కిలోల ఏడు వందల గ్రాములు దిగింది చూడు, నా లెక్కలో అదే పెద్ద ప్రయోగం.

కార్బన్-కార్బన్ వేడికి జంకదు. దెబ్బకి మాత్రం పెంకులా పగులుతుంది. 2003 జనవరి 16న కొలంబియా షటిల్ లేచిన 82వ సెకనులో, పెద్ద ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచున ఉన్న కార్బన్-కార్బన్ పలకకి తగిలింది. ముక్క బరువు ముప్పావు కిలో. దిండులో పెట్టే నురుగులాంటిది ఏం చేస్తుందిలే అనుకున్నారు. ఫిబ్రవరి 1న దిగేటప్పుడు ఆ పగుల్లోంచి మండే గాలి రెక్కలోకి దూరింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. తర్వాత అలాంటి నురుగు ముక్కనే అదే వేగంతో పలక మీదికి పేల్చి చూస్తే, మూరెడు కంత పడింది.

మనవరాలు కాసేపు మాట్లాడలేదు. "పగిలిందని పైకి తెలియదా?" అంది.

పొరల పనితో ఇబ్బందే అది. ఇనుముకి సొట్ట పడితే కనిపిస్తుంది. పొరల మధ్య విడిపోయింది పైకి నున్నగానే ఉంటుంది. నేను పనిలో చేరిన మొదటి ఏడాది చేసిన ఓ ట్యాంకు అద్దంలా ఉందని మురిసిపోతుంటే, మా ఫోర్‌మన్, మలయాళీ ఆయన, జేబులోంచి దిర్హం బిళ్ళ తీసి చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్, డబ్. ఆ డబ్ దగ్గర సుద్దతో గీత గీశాడు. గ్రైండరుతో కోసి చూస్తే అరచేతంత బుడగ. ఆ రాత్రంతా గాజు పొడికి ఒళ్ళు దురద. విమానాల మెకానిక్కులు కూడా కార్బన్ రెక్కల్ని బిళ్ళతో ఇలాగే తట్టి వింటారని చాలా ఏళ్ళకి తెలిసింది. ఇప్పుడు శబ్దతరంగాలూ ఎక్స్‌రేలూ వచ్చాయి, అయినా ఆ బిళ్ళ జేబులోంచి పోలేదు. సంతలో మా అమ్మ కుండ ఎత్తి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది కాదు ఇంకోటి ఇవ్వు అనేది. కుమ్మరి మారు మాట్లాడేవాడు కాదు.

మనవరాలు చెయ్యి చాపింది. దిర్హం ఇచ్చాను. దాని మీద కాఫీ పోసే దల్లా బొమ్మ ఉంటుంది, అదీ ఒక పాత్రే. నీడలో ఉన్న కొత్త ట్యాంకు చుట్టూ కొట్టుకుంటూ బయల్దేరింది. టక్, టక్, టక్. వెనక వైపుకి వెళ్ళాక ఆగింది.

"తాతయ్యా, ఇక్కడ వేరేగా ఉంది."

మూడయింది. కప్పుల మీద సుత్తులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ మోతలో నాకు టక్కో డబ్బో తెలియలేదు. ట్యాంకుకి చెవి ఆనించి, "ఇంకోసారి కొట్టు" అన్నాను.