వైద్య అనుబంధ వృత్తులకు ప్రభుత్వమున పెద్దదిక్కు

క్షయవ్యాధి అనుమానముతో ప్రభుత్వ వైద్యశాలకు వచ్చిన మనిషికి వ్యాధి ఉన్నదో లేదో మొదట తెలిసికొనువాడు తరచుగా డాక్టరు కాడు. కఫమును గాజుపలకపై పూసి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించు లాబొరేటరీ టెక్నీషియనుకే ఆ సంగతి ముందుగా తెలియును. క్రిములు లేవని వ్రాయుటకు ముందు అతడు కనీసము 100 దృశ్యక్షేత్రములను ఓపికతో చూడవలెను. ఇరువది చూచి లేచిపోయినయెడల వ్యాధిగ్రస్తుడు ఆరోగ్యవంతుడనని తలచి ఇల్లు చేరును. తన వారికి ఆ వ్యాధిని పంచిపెట్టును. డాక్టరు ఎంతటి సమర్థుడైనను, చేతికి వచ్చిన కాగితములో తప్పున్నచో ఆయన నిర్ణయము కూడ తప్పిపోవును.

మూత్రపిండములు చెడిన రోగి వారమునకు సాధారణముగా మూడు పర్యాయములు, పర్యాయమునకు సుమారు నాలుగు గంటలు డయాలిసిస్ యంత్రమునకు కట్టుబడి ఉండును. అంతసేపు అతని రక్తము శరీరము వెలుపల ప్రవహించుచుండును. యంత్రమున వాడు నీరు పరిశుద్ధముగా నున్నదా, రక్తపుపోటు పడిపోవుచున్నదా అని కనిపెట్టుకొని ఉండునది డయాలిసిస్ టెక్నీషియను. పక్షవాతమున పడిపోయిన చేతికి తిరిగి అన్నము కలుపుకొను శక్తిని నేర్పునది ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఎక్సు-రే గదిలో చిత్రము స్పష్టముగా వచ్చునట్లును, రోగికి అవసరమునకు మించి కిరణములు సోకకుండునట్లును చూచునది రేడియోగ్రాఫరు.

వీరందరిని కలిపి వైద్య అనుబంధ వృత్తులవారని వ్యవహరింతురు. వీరు లేనిదే నేటి వైద్యశాల ఒక్క దినమైనను నడువదు. అయినను స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఏడు దశాబ్దములకు పైగా, దేశమంతటికి ఈ వృత్తుల మంచిచెడ్డలను విచారించు పెద్దదిక్కు ఒకటి ప్రభుత్వమున ఏర్పడలేదు. ఆ లోటు ఎట్లు కలిగినది, దానిని తీర్చుటకు ఏమి జరిగినది, ఇంకను జరుగవలసినది ఏమి అను విషయములు వైద్యశాల మెట్లెక్కు ప్రతి పౌరుడును తెలిసికొనదగినవి.

ఆలస్యమైన గుర్తింపు

భారత వైద్యమండలి చట్టము 1933లోనే వచ్చినది. నర్సులకు 1947లో జాతీయ కౌన్సిలు చట్టము లభించినది. 1948లో ఫార్మసిస్టులకు, దంతవైద్యులకు వేర్వేరు చట్టములు చేయబడినవి. ఈ చట్టముల వలన ఎవరు ఏమి చదువవలెను, ఎవరి పేరు రిజిస్టరులో ఉండవలెను, తప్పు చేసినవారిని ఎవరు విచారింపవలెను అను ప్రశ్నలకు సమాధానము దొరికినది. అంతకన్న ముఖ్యమైన ఫలితము మరియొకటి కలదు. ప్రభుత్వము ఒక పథకమును ఆలోచించునప్పుడు ఆ వృత్తి తరఫున మాటలాడుటకు ఒక సంస్థ, ఒక పీఠము ఏర్పడినది.

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమింపబడిన ఆరోగ్య పరిశీలన సంఘము 1946లో నివేదికను సమర్పించినది. వైద్యశాలలకు కావలసిన సాంకేతిక సిబ్బంది శిక్షణను గూర్చి కూడ ఆ సంఘము ఆలోచించినది. 1950లో కమలా నింబ్కర్ బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించినారు. ఆ దశాబ్దపు ఆరంభమందే అచ్చట ఫిజియోథెరపీ విద్య కూడ మొదలైనది. వృత్తులు పెరిగినవి, వానిని ఒక త్రాటిపై నడుపు వ్యవస్థ మాత్రము పెరుగలేదు.

తత్ఫలితముగా ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే తోచిన ఏర్పాటు చేసికొన్నది. ఢిల్లీలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలకు 1997లో చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశమందును, తెలంగాణమందును పారామెడికల్ బోర్డులు డిప్లొమా పరీక్షలు నడుపుచు వచ్చినవి. వినికిడి, వాక్కు లోపములను సరిదిద్దువారు, కృత్రిమ అవయవములు అమర్చువారు మొదలైనవారు 1992 నాటి పునరావాస మండలి చట్టము క్రిందికి వచ్చినారు. మిగిలినవారిలో అధికసంఖ్యాకులకు జాతీయ రిజిస్టరు లేదు. ఒకే పేరు గల కోర్సు ఒకచోట ఆరు నెలలు, మరియొకచోట రెండేండ్లు, వేరొకచోట నాలుగేండ్లు సాగెడిది. పొరుగు రాష్ట్రమునకు పోయిన టెక్నీషియను తన యోగ్యతను క్రొత్తగా నిరూపించుకొనవలసి వచ్చెడిది. అన్నిటికన్న మించిన నష్టము రోగిది. తన రక్తమును తీయు చేయి శిక్షణ పొందినదో కాదో అతనికి తెలియు మార్గము లేకపోయినది.

చట్టము వచ్చిన విధము

2012లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ కోరికపై సిద్ధమైన ఒక నివేదిక ఈ రంగమునంతటిని పరిశీలించి, వీరిని ‘పారామెడికల్’ అను అస్పష్టమైన పేరుతో గాక, స్వతంత్ర వృత్తినిపుణులుగా గుర్తింపవలెనని సూచించినది. 2018 డిసెంబరు 31వ తేదీన రాజ్యసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టబడి స్థాయీసంఘము పరిశీలనకు పోయినది. 2020 సెప్టెంబరులో విస్తరించిన రూపమున మరల బిల్లు వచ్చినది. 2021 మార్చిలో ఉభయ సభలు దానిని ఆమోదించినవి. అదే నెల 28వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించినది. 2021 మే 25వ తేదీనుండి, అనగా కోవిడ్ రెండవ వెల్లువ దేశమును కలచివేయుచుండిన దినములలో, అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టము అమలులోనికి వచ్చినది. ప్రాణవాయువు యంత్రముల చెంతను, పరీక్షాశాలలలోను పనిచేయువారి విలువ జనులకు ప్రత్యక్షముగా తెలిసిన కాలమది.

ఈ చట్టము వృత్తులను పది వర్గములుగా విభజించినది. లాబొరేటరీ శాస్త్రములు, ప్రమాద, అగ్నిబాధిత చికిత్స, శస్త్రచికిత్స, మత్తుమందు సాంకేతిక విద్యలు, ఫిజియోథెరపీ, నేత్రశాస్త్రములు, పోషకాహారశాస్త్రము, ఆక్యుపేషనల్ థెరపీ, సామాజిక సంరక్షణ, మనోవ్యవహార శాస్త్రములు, ఎక్సు-రే తదితర చిత్రణ, కిరణ చికిత్స, హృదయ, మూత్రపిండ, శ్వాస సంబంధమైన సాంకేతిక విద్యలు మొదలైనవి, ఆరోగ్య సమాచార నిర్వహణ అనునవి ఆ పది.

చదువు విషయమున చట్టము కనీసపు హద్దు గీచినది. రోగనిర్ణయమునకు, చికిత్సకు తోడ్పడు అనుబంధ వృత్తినిపుణుని శిక్షణ 2,000 గంటలకు తక్కువ కారాదు. అది రెండు మొదలు నాలుగేండ్లలో సాగవలెను. స్వతంత్రముగా సలహానిచ్చుచు, చికిత్స జరుపు థెరపిస్టు వంటి ఆరోగ్యవృత్తి నిపుణుని డిగ్రీ 3,600 గంటలకు తక్కువ కారాదు. అది మూడు మొదలు ఆరేండ్లలో సాగవలెను. ఆరు నెలల సర్టిఫికెట్టుతో యంత్రము ముందు నిలుచుండు పద్ధతికి ఈ హద్దు ఒక అడ్డుకట్ట. రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తులను సాగించినచో 50,000 రూపాయల వరకు జరిమానా కలదు.

పీఠముపై ఎవరు కూర్చుండవలెను?

ఈ చట్టమున మిక్కిలి గమనింపదగినది నాయకత్వమును గూర్చిన నిబంధన. కమిషను అధ్యక్షుడు ఈ వృత్తులలో ఒకదాని యందు స్నాతకోత్తర పట్టము పొందినవాడై ఉండవలెను. ఆయనకు ఈ రంగమున 25 ఏండ్లకు తక్కువకాని అనుభవమును, అందులో పదేండ్లు నాయకత్వ బాధ్యతయు ఉండవలెను. అనగా ఈ వృత్తులకు పెద్దగా వెలుపలినుండి మరియొకరిని తెచ్చి కూర్చుండబెట్టు వీలు లేదు. చేతితో ఆ పని చేసి, దాని కష్టసుఖములు ఎరిగినవారే అధ్యక్షత వహింపవలెను.

ఆ అధ్యక్షుని చుట్టును ప్రభుత్వ యంత్రాంగము కూడ కూర్చుండును. కేంద్ర శాఖలనుండి సంయుక్త కార్యదర్శి స్థాయి సభ్యులు ఐదుగురు, ఆరోగ్యసేవల డైరెక్టరు జనరలు కార్యాలయ ప్రతినిధి, పెద్ద వైద్యసంస్థల ప్రతినిధులు ముగ్గురు, రాష్ట్ర కౌన్సిళ్ల తరఫున వంతుల వారీగా పన్నిద్దరు అందు ఉందురు. కోశమును, పాలనను ఎరిగినవారు, వృత్తిని ఎరిగినవారు ఒకే బల్లచుట్టు చేరుట ఇందలి ఉద్దేశము. ప్రతి రాష్ట్రమునను ఒక కౌన్సిలు, దాని క్రింద పట్టవిద్యకు, ఉన్నత పట్టవిద్యకు, సంస్థల తనిఖీకి, నీతినియమములు మరియు రిజిస్టరుకు నాలుగు బోర్డులు ఉండవలెనని చట్టము చెప్పుచున్నది.

ఇటువంటి నాయకత్వము పరదేశములలోను కలదు. ఇంగ్లండులో పదునాలుగు వృత్తులను అనుబంధ ఆరోగ్యవృత్తులుగా లెక్కింతురు. 2014లో అచ్చటి జాతీయ ఆరోగ్యసేవలో ఈ వృత్తులకు ప్రధానాధికారిణిగా నియమితురాలైన సుజాన్ రాస్ట్రిక్ స్వయముగా ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ దేశమున ఈ వృత్తులలో అధికభాగమునకు రిజిస్టరు నడుపు కౌన్సిలు వేరు. సేవలు ఎట్లు సాగవలెనో ప్రభుత్వమునకు సలహా చెప్పు ప్రధానాధికారి వేరు. ఈ భేదమును మన దేశమున కూడ గుర్తింపవలసియున్నది. యోగ్యతలేనివానిని ఆపుట నియంత్రణ. యోగ్యుడైనవాడు రోగి చెంతకు చేరునట్లు చూచుట నాయకత్వము. ఏ జిల్లా ఆసుపత్రికి ఎందరు ఫిజియోథెరపిస్టులు కావలెను, డయాలిసిస్ కేంద్రము తెరచుటకు ముందు దానిని నడుపువారు సిద్ధముగా ఉన్నారా, ఇరువదియేండ్లు సేవచేసిన టెక్నీషియనుకు పై మెట్టు ఏది అను ప్రశ్నలకు రిజిస్టరు ఒక్కటే సమాధానము చెప్పజాలదు. యంత్రము కొనుటకు ధనము మంజూరగు సభలో, దానిని నడుపు మనిషిని గూర్చి అడుగువారు కూడ ఉండవలెను.

కాగితమునుండి కార్యములోనికి

చట్టము అమలులోనికి వచ్చిన ఆరు నెలలలోగా రాష్ట్రములు తమ కౌన్సిళ్లను ఏర్పరుపవలసి ఉండెను. ఆ గడువు అనేక రాష్ట్రములలో దాటిపోయినది. సాంకేతిక నిపుణుల సంఘమొకటి సుప్రీంకోర్టును ఆశ్రయించినది. 2024 ఆగస్టు 12వ తేదీన న్యాయస్థానము, పదునాలుగు రాష్ట్రములలో మాత్రమే కౌన్సిళ్లు ఏర్పడినవనియు, అవియు సరిగా పనిచేయుటలేదనియు గమనించి, రెండు నెలలలోగా చట్టమును అమలు జరుపవలసినదిగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించినది. 2025లో పది వృత్తులకు దేశమంతట ఏకరూపముగా ఉండదగిన పాఠ్యప్రణాళికలు వెలువడినవి. మార్గము తెరువబడినది, ప్రయాణము ఇంకను మిగిలియున్నది.

ఈ ఆలస్యపు భారము మొదట విద్యార్థిపై పడును. గ్రామమునుండి వచ్చి, తలిదండ్రులు అప్పుచేసి చదివించిన బాలిక తన కళాశాలకు ఏ గుర్తింపు కలదో, తన పట్టము ఎచ్చట చెల్లునో తెలియక వెతలపాలగును. పిదప ఆ భారము రోగిపై పడును. శిక్షణ పొందినవారికిని పొందనివారికిని తేడా తెలియనిచోట వేతనము తక్కువైనవారికే పని దొరకును, నిపుణత వెనుకబడును.

కావున ఇందు పౌరులకు కూడ కొంత కర్తవ్యము కలదు. పిల్లలను ఈ విద్యలలో చేర్చు తలిదండ్రులు కోర్సు ఎన్ని యేండ్లు, ఎన్ని గంటలు, సంస్థకు ఎవరి అనుమతి కలదు అని ముందుగా విచారింపవలెను. రోగులును, వారి బంధువులును పరీక్ష చేయువారి యోగ్యతను మర్యాదగా అడుగుటకు జంకనక్కరలేదు. యోగ్యుడైనవాడు ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు. తన విద్యను అడిగినవారు దొరకినందుకు సంతసించును. ఈ వృత్తులయందున్నవారు తమ రాష్ట్ర కౌన్సిలు రిజిస్టరు తెరచినప్పుడు ఆలసింపక పేరు నమోదు చేయించుకొనవలెను. దేశమున ఇట్టివారు ఎందరున్నారో, ఎచ్చట కొరత కలదో సరియైన లెక్క తేలిననే గాని వారి నాయకులు ప్రభుత్వమును ఏమి కోరవలెనో తెలియదు.

డాక్టరు వ్రాసిన చీటికి, రోగి పొందు ఆరోగ్యమునకు నడుమ అనేకుల చేతులు పనిచేయుచుండును. ఆ చేతులకు మంచి శిక్షణ, న్యాయమైన స్థానము, ప్రభుత్వమున తమ మాట వినిపించు పెద్ద ఒకరు కావలెనని చట్టము అంగీకరించినది. ప్రతి రాష్ట్రమునను ఆ పీఠములు యోగ్యులతో నిండి, వారి మాట జిల్లా ఆసుపత్రి వరకు చేరిననాడే ఆ అంగీకారము రోగికి మేలుగా పరిణమించును.