పురికొస

ఏటా ఆగస్టు 14 రాత్రి పదిన్నరకు లండన్‌లోని మన సంఘం తరఫున హాలు తాళాలు తెచ్చుకునే పని నాది. ఇచ్చేది పాకిస్తానీ సంఘం పెద్దాయన. ఆ రోజు హాలు వాళ్లది, మర్నాడు మనది. మెట్ల మీద బిర్యానీ వాసన ఇంకా వదలదు. నిచ్చెన ఎక్కి ఆకుపచ్చ తోరణాలు విప్పుతూ, "పురికొస ఉంచెయ్యమంటారా? రేపు మీకూ కావాలిగా" అంటారు ఉర్దూలో. ఉంచేస్తాం. మన మూడు రంగుల కాగితాలూ దానికే వేలాడతాయి. నా హైదరాబాదీ యాసకు ఆయన నవ్వుకుంటారు. ఆయనది సియాల్‌కోట్.

ఆ ఊరి పేరు వింటే నాకు పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ గుర్తొస్తారు. ఆయన పుట్టిందీ అక్కడే, పుట్టినరోజూ ఆగస్టు 14, సంవత్సరం 1923. తండ్రి డాక్టరు. ఇంటి పెరట్లో ఒక పీరు సమాధి ఉండేదట, తల్లి దానికి మొక్కేదట. లాహోర్లో లా చదివి, సొంతూళ్లో ప్లీడరు బోర్డు కట్టాలనుకున్న కుర్రాడు 1947 సెప్టెంబరులో కట్టుబట్టలతో ఇటు దాటాడు. ఇటువాళ్లు అటూ, అటువాళ్లు ఇటూ నడుస్తున్నారు, ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. ఆ నడకను ఆయన చివరిదాకా మరిచిపోలేదు.

ఢిల్లీలో మొదటి ఉద్యోగం 'అంజామ్' అనే ఉర్దూ పత్రికలో. అంజామ్ అంటే ముగింపు. ముగింపుతోనే మొదలయ్యానని ఆయనే చమత్కరించేవారు. ఆ తర్వాతి మెట్లు చాలామందికి తెలిసినవే: లాల్‌బహదూర్ శాస్త్రి దగ్గర పత్రికా వ్యవహారాలు, యుఎన్‌ఐ వార్తాసంస్థ, ఎమర్జెన్సీలో తీహార్ జైలు, 1990లో ఈ లండన్‌లోనే హైకమిషనర్ పదవి. సరిహద్దు గీసిన రాడ్‌క్లిఫ్‌ను ఆయన పట్టుకున్నదీ లండన్‌లోనే. లాహోర్‌ను పాకిస్తాన్‌కు ఎందుకిచ్చారని అడిగితే, కలకత్తా భారత్‌కు పోయాక వాళ్లకు పెద్ద నగరమంటూ ఏదీ మిగల్లేదని జవాబిచ్చారట. నయ్యర్ చదువుకున్న ఊరు చేజారిపోయిన లెక్క అంతే!

పాకిస్తాన్ పేరెత్తితే కరిగిపోయే మనిషని నయ్యర్‌ను వెక్కిరించినవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు 1987 జనవరి సంగతి మరిచిపోతారు. రాజస్థాన్‌లో మన సైన్యం భారీ విన్యాసాలు చేస్తోంది, రెండు దేశాలూ బిగుసుకుని కూర్చున్నాయి. పాకిస్తానీ సంపాదకుడు ముషాహిద్ హుస్సేన్ ఆయన్ని ఇస్లామాబాద్‌లో వాళ్ల అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ ఇంటికి తీసుకెళ్లాడు. అణుబాంబు మాటెత్తితే ఖాన్ దాటేస్తున్నాడు. అప్పుడు నయ్యర్ ఒక కట్టుకథ అల్లారు: బయల్దేరేముందు మన అణు శాస్త్రవేత్త హోమీ సేత్నా కలిశారనీ, బాంబు చేసే మనుషులు గానీ సరుకు గానీ పాకిస్తాన్‌కు లేవని అన్నారనీ. ఖాన్‌కు చిర్రెత్తింది. బాంబు తమ దగ్గరుందని చెప్పేశాడు. మార్చి 1న లండన్ 'అబ్జర్వర్'లో ఆ వార్త వచ్చింది. వెంట తీసుకెళ్లిన పాపానికి ముషాహిద్ తన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంత పెద్ద వార్త స్నేహితుడి కొంప ముంచిందన్న సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ స్నేహం కోసం వార్తను దాచుకోలేదు, వార్త వచ్చింది కదాని స్నేహాన్నీ వదులుకోలేదు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

తర్వాత ఏళ్ల తరబడి ఆగస్టు 14 రాత్రి అట్టారీ సరిహద్దు గేటు దగ్గర కొవ్వొత్తులు వెలిగించారు. సాయంత్రం జవాన్లు కాళ్లు తలదాకా ఎగరేసే ఆ రోడ్డు మీదే, అర్ధరాత్రి ముసలీ ముతకా మైనం చేతుల మీద కారుతుంటే నిలబడేవాళ్లు. కొవ్వొత్తులు కార్గిల్‌ను ఆపలేదు, ముంబయి దాడినీ ఆపలేదు. అది ఆయనకు తెలియదా?

నయ్యర్ 2018 ఆగస్టు 23న పోయారు. మూడు నెలలకు, గుజరాత్ తీరంలో కూలికి బోట్లెక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. 'తండేల్' సినిమా చూసినవాళ్లకు ఆ కథ తెలుసు. కరాచీ జైలు నుంచి 20 మంది విడుదలై 2020 జనవరి 6న ఆ గేటులోంచే ఇవతలికి నడిచొచ్చారు.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దారుణం తర్వాత అట్టారీ చెక్‌పోస్టు మూసేశారు. ఆ ఆగస్టులో మన కమిటీలోనూ హాలు మార్చేద్దామన్న మాట వచ్చింది. గంటన్నర వాదులాడుకున్నాం. వేరే హాలు అద్దె రెట్టింపని తేలాక చర్చ చల్లబడింది, అబద్ధమెందుకు! తాళాల కోసం వెళ్తే పెద్దాయన ఆ రాత్రి ఎక్కువ మాట్లాడలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని నయ్యర్ సంగతి ఎత్తాను. ఆయన అస్థికలు కొన్నింటిని మనవరాలు లాహోర్ తీసుకెళ్లి రావీ నదిలో కలిపిందని చెప్పాను.

"రావీలో నీళ్లెక్కడివండీ? 1960 సింధు జలాల ఒప్పందంలో మీకే ఇచ్చేశారుగా" అన్నారు, ఎట్టకేలకు నవ్వుతూ. తాళాలు నా చేతిలో పెట్టారు. తల పైకెత్తి చూశాను. పురికొస అక్కడే ఉంది.