ఆగని కారు అలారం.. వైరు కోసే ముందు ఇవి చూడండి

అర్ధరాత్రి వీధిలో నిలిపి ఉన్న కారు ఉన్నట్టుండి మోత అందుకుంటుంది. యజమాని పరుగున వచ్చి రిమోట్ నొక్కితే క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకుంటాయి. ఆ కంగారులో బానెట్ ఎత్తి చేతికందిన వైరును కోసేసేవారూ ఉన్నారు. మోత ఆగినా మర్నాడు కారు స్టార్టు కాకపోవచ్చు. కొత్త కారైతే వారంటీకీ ఇబ్బందే. నిజానికి చాలా సందర్భాల్లో అసలు కారణం ఒక చిన్న బ్యాటరీయో, సరిగా మూతపడని బానెట్టో అయి ఉంటుంది.

ముందు లోపలికి తొంగిచూడాలి

మోత ఆపే తొందరలో చాలామంది మరచిపోయేది ఇదే. రిమోట్‌తో తాళం వేసిన కారు తలుపును లోపలి నుంచి తెరిచేందుకు ప్రయత్నించినా అనేక మోడళ్లలో అలారం మోగుతుంది. 2025 మే నెలలో విజయనగరం సమీపంలోని ద్వారపూడిలో ఆడుకుంటూ కారులోకి ఎక్కిన నలుగురు చిన్నారులు తలుపులు పడిపోయి ఊపిరాడక మృతిచెందారు. పగటిపూట, అందునా వేసవిలో కారు అరిచిందంటే అద్దంలోంచి ఒకసారి చూసిన తరువాతే తక్కిన పని.

లోపల ఎవరూ లేరని తేలితే రిమోట్‌లోని అన్‌లాక్ మీట నొక్కాలి. స్పందన లేకుంటే అందులోని బ్యాటరీ నీరసించిందని అనుమానించాలి. కంపెనీ రిమోట్లలో ఎక్కువగా ఉండేది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. సీఆర్ 2032 వంటి అంకె దానిమీదే ఉంటుంది. బయట అమర్చిన అలారాల రిమోట్లలో కొన్నింటికి 12 వోల్టుల చిన్న గొట్టం బ్యాటరీ వాడతారు. రిమోట్ పనిచేయక మామూలు తాళంచెవితో తలుపు తీస్తే, దొంగ తీశాడనుకుని కొన్ని కార్లు అరవడం మొదలుపెడతాయి. అప్పుడు బెదిరిపోకుండా లోపల కూర్చుని తాళంచెవిని ఇగ్నిషన్‌లో పెట్టి ఆన్ చేయాలి. చెవిలోని చిప్‌ను గుర్తించగానే చాలా కార్లు శాంతిస్తాయి. బటన్ స్టార్ట్ కార్లలో పలు మోడళ్లకు రిమోట్‌నే బటన్‌కు ఆనించి నొక్కితే సరిపోతుంది.

రిమోట్ బాగానే ఉండి, ఆగిన మోత మళ్లీ మళ్లీ వస్తుంటే దోషం తలుపులు, డిక్కీ, బానెట్‌ల దగ్గర ఉండే స్విచ్చులది కావచ్చు. అన్నింటినీ తెరిచి గట్టిగా మూయాలి. అన్నీ మూసినా మీటర్ల పక్కన తలుపు గుర్తు వెలుగుతూనే ఉంటే దొంగ దొరికినట్లే. బానెట్ కింది స్విచ్చుకు దుమ్ము, గ్రీజు పట్టడం సర్వసాధారణం, తుడిస్తే తీరిపోతుంది. వానాకాలంలో వెచ్చదనం వెతుక్కుంటూ ఇంజిన్‌లో దూరే ఎలుకలు వైర్లు కొరికితే మాత్రం ఎలక్ట్రీషియన్ రావలసిందే.

పండక్కి వచ్చి నాలుగు రోజులు కదలకుండా ఉండే కార్లది మరో తీరు. పాతబడిన బ్యాటరీలో వోల్టేజీ పడిపోతే అలారం తికమకపడుతుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక మీటరుతో కొలిస్తే మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12 కన్నా తగ్గితే చార్జింగుకు పంపాలి. దీపావళి టపాసులకు, వీధిలో పోయే లారీకి కూడా ఉలిక్కిపడే అలారమైతే కుదుపును పసిగట్టే సెన్సరు సున్నితత్వం తగ్గించాలి. బయట అమర్చిన వాటిలో అందుకో చిన్న మర ఉంటుంది.

ఏదీ ఫలించకుంటే..

చివరి మార్గం బ్యాటరీ టెర్మినల్ విప్పడం. ఇంజిన్ ఆపి, పది నంబరు స్పానరుతో ముందుగా నెగెటివ్ విప్పాలి. పాజిటివ్‌తో మొదలుపెట్టి స్పానరు బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. పావుగంట తరువాత తిరిగి బిగించవచ్చు. గడియారం, రేడియో అమరికలు చెరిగిపోవచ్చు, అది పెద్ద నష్టమేమీ కాదు. అయితే కొన్ని సైరన్లకు సొంత బ్యాటరీ ఉంటుంది. టెర్మినల్ తీయగానే అవి మరింత గట్టిగా అరుస్తాయి. వాటిని ఆపే తాళం సైరన్‌కే ఉంటుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల మేర ఉండే నిశ్శబ్ద మండలాల్లో 40 మాత్రమే. అలారం మోత దీన్ని ఎప్పుడో దాటిపోతుంది. పైగా రోజూ ఉత్తుత్తిగా అరిచే కారు నిజంగా దొంగ చేతిలో పడ్డనాడు బయటకు వచ్చి చూసేవారుండరు.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారికి ఈ చిక్కులు ఎక్కువ. పాత యజమాని అమర్చిన అలారం సంగతి కొత్తవారికి తెలియదు. ఇలాంటి వాటిలో చాలావరకు డ్యాష్‌బోర్డు కింద వాలే అనే రహస్య స్విచ్చు ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి దాన్ని నొక్కితే రిమోట్ లేకున్నా అలారం ఆగుతుంది. బండి కాగితాలతోపాటు రెండో రిమోట్, అలారం పుస్తకం అడిగి తీసుకోవాలి. ఆ స్విచ్చు ఎక్కడుందో డబ్బు చేతిలో పెట్టకముందే చూపించమనాలి.