అటక మీది బూజు: బూజుకర్రతో పోనిది

తెలుగులో బూజు అన్న మాటకు రెండర్థాలున్నాయి. సాలెపురుగు అల్లగా దుమ్ము పట్టి మూలల్లో వేలాడేదీ బూజే, తడి తగిలిన గోడమీదా ఊరగాయ జాడీలోనూ పుట్టేదీ బూజే. మొదటిది బూజుకర్రకు లొంగుతుంది. రెండవదాని మీద అదే కర్ర ఆడిస్తే, కంటికి కనబడని దాని సిద్ధబీజాలు ఇల్లంతా పరచుకొంటాయి. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, వృద్ధులకు ఆ గాలి హాని చేస్తుంది. వానకాలమంతా ఇంట్లో ఒకరి దగ్గు తగ్గకుండా ఉంటే, మందుతోపాటు ఇంటి పైకప్పు వంక కూడా ఒకసారి చూడవలసి ఉంటుంది.

మనం అటక అనేదాన్ని కన్నడిగులు అట్ట అంటారు, తమిళులు పరణ్ అంటారు, ముంబయి చాళ్లలో పోట్‌మాళా అంటారు. పేరేదైనా పని ఒకటే. పెట్టెలు, పరుపులు, పండుగ పాత్రలు, పిల్లల సర్టిఫికెట్ల సంచి అక్కడికే చేరతాయి. ఇల్లు చాలని చోట మనుషులు పడుకొనేదీ అక్కడే. వేసవిలో పెళ్లిళ్లకు సొంతూరు వెళ్లిన కుటుంబం జూన్‌లో తిరిగివచ్చి తలుపు తీస్తే ముందుగా తగిలేది ముక్కవాసన. పట్టుచీర మడతల్లో నల్లచుక్కలు కనిపించేది ఆ తరువాత.

ఈ బూజుకు మూలం తరచుగా రేకు పలుచదనమే. పగలు అటకను కొలిమి చేసే రేకే, వాన తెరిపి ఇచ్చి ఆకాశం తేటపడిన రాత్రి తన వేడిని త్వరగా వదిలి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఇంటిలోని తేమగాలి దాని అడుగున తగిలి నీటిబొట్లుగా మారుతుంది. చల్లని నీళ్లు పోసిన చెంబు బయట చెమర్చడం వంటిదే ఇది. ఆ తేమ ఎక్కడినుంచి వస్తుందని చాలామంది ఆశ్చర్యపడతారు. ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి 20 లీటర్లకు పైగా నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుంది. అన్నం వార్చినప్పటి ఆవిరి, ఇంట్లో ఆరవేసిన బట్టల తడి, మనుషుల ఊపిరి దీనికి అదనం. వేడిగాలి పైకి పోతుంది కనుక ఈ తేమలో ఎక్కువభాగం అటకకే చేరుతుంది.

అయితే తడి అంతా లోపలి ఆవిరి వల్లే అనుకోరాదు. వాన కురిసిన కొన్ని గంటలకు ఒకేచోట గోధుమరంగు వలయం ఏర్పడితే అది కారుడు. వాన లేని తెల్లవారుజామున కూడా రేకు అడుగంతా చెమర్చి ఉంటే అది ఆవిరి. స్లాబు ఇళ్లలో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. తడి ఆరిన రోజున మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో స్లాబు అడుగున అంటించి రెండురోజులు ఉంచాలి. కాగితానికీ స్లాబుకూ నడుమ నీరు చేరితే తడి పైనుంచి దిగుతున్నట్టు. గదివైపు చెమరిస్తే ఇంటి ఆవిరి అన్నట్టు.

ఈ నిర్ణయం జరగకుండా మేస్త్రీని పిలిస్తే డబ్బు దండుగ. కారుతున్న కప్పు కింద థర్మోకోల్, ప్లైవుడ్ సీలింగు వేయించడం అందరూ చేసే పొరపాటు. తడి కనబడకుండా పోతుంది, బూజు మాత్రం దాని వెనుక నిశ్చింతగా పెరుగుతుంది. గ్లాస్‌ఊల్ తడిస్తే వేడిని ఆపే గుణమే పోతుంది. థర్మోకోల్ సులువుగా అంటుకొనే వస్తువు, పొయ్యికీ కరెంటు తీగలకూ దగ్గర అది తగదు.

కాబట్టి మొదట కారుడు ఆపాలి. తరువాత వంటగదిలో ఆవిరి బయటికి పోయే ఫ్యాను, అటకకు ఎదురెదురుగా రెండు గాలిరంధ్రాలు అమర్చాలి. ఆ తరువాతే వేడిని ఆపే పొర. ఇనుప రేకుకైతే అల్యూమినియం పూత ఉన్న నురుగు షీటును సందు లేకుండా అడుగున అంటించి, అతుకులన్నీ టేపుతో మూయాలి. సందు మిగిలితే తేమగాలి దూరి మళ్లీ రేకునే తాకుతుంది. స్లాబుకైతే పొర పైన వేయడమే మేలు. డాబామీద తెల్లని పూత వేసినా పగటి వేడి బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది ఈ వేడి గురించే. కాని తెల్లసున్నం బూజుకు మందు కాదు.

పట్టిన బూజును తీయడానికి ఎన్‌-95 మాస్కు, చేతొడుగులు వేసుకొని, కిటికీలు తెరిచి, సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. పొడిగా గీకరాదు, బూజుమీదే రంగు వేయరాదు. బ్లీచింగును మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎన్నడూ కలపరాదు. పుట్టే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సిమెంటు రేకు ఆస్‌బెస్టాస్‌ది అయితే వైరుబ్రష్‌తో రుద్దడం, రంధ్రాలు వేయడం మానాలి. ఆ పీచు ధూళి క్యాన్సరు కారకం. తడిసి మెత్తబడిన సీలింగు అట్టను, నానిన దూదిపరుపును దాచుకోవడంలో లాభం లేదు.

ఖర్చు ఎవరిదన్నది అసలు చిక్కు. మహారాష్ట్ర సహకార గృహసంఘాల నమూనా ఉపనియమాల ప్రకారం, డాబామీది వాననీరు కారి పై అంతస్తు సీలింగు పాడైతే మరమ్మతు సంఘం ఖర్చుతోనే జరగాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు తడిచోటును తేదీతో ఫొటో తీసి, ఫిర్యాదును కాగితం మీద ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. నోటిమాట ఫిర్యాదు డిపాజిటు తిరిగి అడిగేనాటికి ఎవరికీ గుర్తుండదు. ముంబయి, భివండీ వైపు ఈ పనులు మే నెలలోగా ముగించాలి. చెన్నైలో పెద్దవానలు అక్టోబరులో మొదలవుతాయి కనుక అక్కడివారికి సెప్టెంబరు దాకా వ్యవధి ఉంటుంది.