లైను తెగింది.. ఓటీ గంటలు పోయాయి!

కౌలా సెలంగోర్: ఇక్కడ చీకటి పడితే టూరిస్టులు కంపుంగ్ కువాంటన్‌లో పడవలెక్కి మిణుగురులను చూస్తారు. అదే వేళకి మేము సైటులోని కంటైనర్ ఆఫీసులో కూర్చుని మస్టర్ ఎక్కిస్తుంటాం. ఎవరు ఎన్ని గంటలు చేశారో, ఓటీ ఎంతో కంప్యూటర్లో కొట్టాలి. కొట్టేది ఇక్కడ, లెక్క దాచేది కౌలాలంపూర్ హెడ్డాఫీసు సర్వర్‌లో. మా ముందున్నది ఉత్త తెర, కీబోర్డు. దాన్నే టెర్మినల్ అంటారు. మధ్యలో లైను తెగిందా, సేవ్ కానిదంతా గోవిందా!

ఒక నెల అలాగే జరిగింది. జీతం స్లిప్ పట్టుకుని శ్రీకాకుళం తమ్ముడొకడు వచ్చాడు. "అన్నయ్యా, నా పన్నెండు గంటల ఓటీ ఏదీ?" అన్నాడు. మాకు తల కొట్టేసినట్టయింది. మలేసియా 1955 ఉద్యోగ చట్టం ప్రకారం మామూలు పనిరోజున అదనపు గంటకి కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఆ కుర్రాడికి అది ఊళ్లో అప్పు మీద వడ్డీ. కాయితం మస్టర్ ఉండబట్టి మరుసటి నెల కలిపించగలిగాం. లేకపోతే ఎవరు నమ్ముతారు?

మేం చదివింది సివిల్ డిప్లొమా. నెట్‌వర్క్ మన పని కాదనుకున్నాం. వానొచ్చింది, అందుకే పోయిందనుకుని ఊరుకునేవాళ్లం. కానీ పైపు ఎక్కడో కారుతుంటే ఏం చేస్తాం? ఒక్కొక్క వాల్వు కట్టి చూస్తాం కదా! ఇదీ అంతే.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టాం. లైను తెగిన టైము, అప్పుడు ఏం చేస్తున్నాం, పక్క కంప్యూటర్‌కీ తెగిందా లేదా అని రాశాం. తర్వాత రెండు కిటికీలు తెరిచి ఆగకుండా 'పింగ్' నడిపాం. ఒకటి మా గదిలోని రౌటర్‌కి, రెండోది హెడ్డాఫీసు సర్వర్‌కి. రెండూ ఆగితే తప్పు గదిలోనే. రౌటర్ పలికి సర్వర్ పలక్కపోతే తప్పు బయట.

వారం తిరిగేసరికి సంగతి తెలిసింది. జబ్బు ఒకటి కాదు, రెండు!

టైప్ చేస్తుండగా తెగినప్పుడల్లా రెండు పింగులూ ఆగాయి. చూస్తే కేబుల్ కంటైనర్ తలుపు కింద నలిగిపోయింది. కొత్త కేబుల్ వేశాం. వెల్డింగ్ మిషన్ కరెంటు వైరుకి దూరంగా లాగాం. ఈ రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదని కూడా అప్పుడే తెలిసింది.

రెండోది చిత్రంగా ఉంది. పింగులు రెండూ చక్కగా నడుస్తున్నాయి, టెర్మినల్ మాత్రం చచ్చిపోయింది. నోట్‌బుక్ తిరగేస్తే అన్నీ ఒకే తీరు: టీకి వెళ్లొచ్చాక, కాంక్రీటు చూసొచ్చాక. రౌటర్ ప్రతి కనెక్షన్‌నీ ఒక పట్టీలో రాసుకుంటుంది. కాసేపు ఉలుకూ పలుకూ లేకపోతే ఆ పేరు కొట్టేస్తుంది. మనం తిరిగొచ్చి మీట నొక్కితే ఆ మాట ఎక్కడికీ చేరదు.

హెడ్డాఫీసు ఐటీ వాళ్లని అడిగి టెర్మినల్ ప్రోగ్రాంలో 'కీప్ అలైవ్' పెట్టాం. మాది పుట్టీ. గోడకి పూసేది కాదు లెండి, ప్రోగ్రాం పేరే అది! అందులో 'కనెక్షన్' పేజీలో సెకన్ల గడి ఉంటుంది. మొదట సున్నా ఉంటుంది, అంటే పనిచేయదన్నమాట. 60 వేశాం. ఇక మనం ఊరుకున్నా అది నిమిషానికోసారి సర్వర్‌ని పలకరిస్తుంది. పట్టీలో పేరు నిలుస్తుంది. అయితే భద్రత కోసం సర్వరే ఖాళీగా ఉన్నవాళ్లని బయటికి పంపేలా పెట్టి ఉంటే ఈ మందు పనిచేయకపోవచ్చు. ఆ సంగతి ఐటీ వాళ్లనే అడగాలి.

ఇప్పుడు టీ తాగొచ్చినా టెర్మినల్ అలాగే ఉంటోంది. అయినా పది పేర్లకోసారి సేవ్ చేస్తున్నాం. జీతం స్లిప్పులు చేతికొచ్చి సరిపోయేదాకా కాయితం మస్టర్ పారేయం.

సైటుల్లో లెక్కలు రాసే తమ్ముళ్లకి మేం చెప్పేదొక్కటే. "లైను బాగాలేదు" అని ఫోన్ చేస్తే ఎవరూ పట్టించుకోరు. "ఫలానా టైముకి, ఇలా" అని రాసి చూపిస్తే పని జరుగుతుంది. పనిచేసే తమ్ముళ్లూ, మీరూ మీ గంటలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఇక్కడి చట్టం ప్రకారం జీతం లెక్క ముగిసిన 7 రోజుల్లోగా మామూలు జీతం చేతికి రావాలి. స్లిప్ రాగానే పుస్తకంతో సరిచూసుకోండి. తెర మీద అక్షరం పోతే మళ్లీ కొట్టొచ్చు. చెమటోడ్చిన గంట పోతే ఎవరు తెచ్చిస్తారు?