టవర్లు ఊడ్చే బిడ్డలు, ఇంట్లో ముసలి తల్లులు: అమ్మ వైద్యం హక్కు ఎక్కడుంది?

తెల్లారి ఆరింటికి రాయదుర్గం, మైండ్‌స్పేస్, గచ్చిబౌలి దగ్గర షేర్ ఆటోలు దిగేవాళ్లను చూడండి. హౌస్‌కీపింగ్ అక్కలు, సెక్యూరిటీ అన్నలు, అపార్ట్‌మెంట్లలో ముసలివాళ్లను చూసుకునే ఆయాలు. 1998లో సైబర్ టవర్స్ మొదలైన నాటి నుంచి ఈ అద్దాల నగరాన్ని కట్టినవాళ్లలో, ఊడ్చేవాళ్లలో పాలమూరు నుంచి వలస వచ్చిన దళిత బహుజన కుటుంబాలు ఎన్నో. ఆయా పగలంతా ఎవరో పెద్దాయనకు టైముకు గోలీలు వేస్తుంది. ఆమె సొంత తల్లికి గోలీ ఎవరు వేయాలి?

ఇదే కారిడార్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మాలో చాలామందిమి ఇలాంటి ఇండ్ల నుంచే వచ్చాం. తల్లిదండ్రుల ఆరోగ్యం అనగానే పొద్దున్నే వాకింగ్, ఏడాదికోసారి ఫుల్ బాడీ చెకప్ అని సలహాలు వినిపిస్తాయి. కూలి పోతే పూట గడవని ఇంట్లో ఆ సలహాలతో ఏం చేయాలి? అందుకే మన ఇండ్లకు పనికొచ్చే సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

ముసలితనం కాగితం కంటే ముందే వస్తుంది

చట్టం 60 ఏళ్లకు సీనియర్ సిటిజన్ అంటుంది. ఇటుకలు మోసిన, నాట్లు వేసిన, మోరీలు తీసిన ఒళ్లు 50కే అరిగిపోతుంది. 2022లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసింది. తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. అక్కడ దళితుల ఆయుర్దాయం పైకులాల హిందువుల కంటే మూడేళ్లకు పైగా తక్కువ, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువ. ఈ తేడాలో సగం కూడా ఆర్థిక స్థితితో తేలలేదు. అంటే డబ్బు ఒక్కటే కారణం కాదు.

కాబట్టి బీపీ, షుగర్ చూపించడానికి 60 దాకా ఆగొద్దు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో డాక్టర్ చూడటం, పరీక్షలు, మందులు ఉచితం. అంతకంటే పెద్ద సమస్య అయితే కొండాపూర్ ఏరియా ఆస్పత్రి ఉంది. కంటి పొరలకు మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి ఉంది.

జీతం చీటీ చదవండి

ఈఎస్ఐ గురించి మన ఇండ్లల్లో తెలిసింది తక్కువ. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ కార్మికుల జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కోస్తారు. యజమాని 3.25 శాతం కట్టాలి. ఆ డబ్బు కార్మికుల వైద్యానికి మాత్రమే అనుకుంటాం. మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా అందులో వైద్యం ఉంది. అయితే కుటుంబ వివరాల్లో వాళ్ల పేర్లు ఎక్కించాలి. చాలామందికి ఉద్యోగంలో చేరిన రోజు ఏ ఫారం నింపారో కూడా తెలియదు. ఈ నెల జీతం చీటీ అడిగి తీసుకోండి. ఈఎస్ఐ నంబర్ ఉందా చూడండి. ఈఎస్ఐ కుటుంబ వివరాల్లో అమ్మానాన్నల పేర్లు ఉన్నాయా కనుక్కోండి. ఉంటే డిస్పెన్సరీ నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి దాకా దారి ఉంటుంది.

కాంట్రాక్టర్ డబ్బు కోసి కట్టకపోతే? 1948 నాటి ఈఎస్ఐ చట్టం దీనికి జవాబు చెప్పింది. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కార్మికుల చందా కట్టే బాధ్యత కూడా ప్రధాన యజమానిదే. టవర్‌లో పని చేయించుకునే కంపెనీ "వాళ్లు మా ఉద్యోగులు కారు" అని తప్పించుకోవడానికి లేదు.

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని ఆచార్య బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది. ఈఎస్ఐకి పునాది అదే.

ఈఎస్ఐ లేనివాళ్లకు

ఇండ్లల్లో పనిచేసే అక్కలకు, అడ్డా కూలీలకు ఈఎస్ఐ అందదు. వాళ్లకు ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వర్తిస్తుంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ వయో వందన కింద, ఆదాయంతో పని లేకుండా, 5 లక్షల దాకా వైద్యం ఉంది. కానీ 50కే అరిగిపోయే ఒంటికి 70 ఏళ్ల నిబంధన ఏం న్యాయం? ఇది మనం అడగాల్సిన ప్రశ్న.

వేధింపులు జరిగినా, పెన్షన్ ఆగినా, దిక్కులేని పెద్దవాళ్లు కనిపించినా 14567కు ఫోన్ చేయవచ్చు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, ఉచితం.

ఒక్క గదిలో జాగ్రత్తలు

బస్తీ గదిలో పెద్దవాళ్లు రాత్రి బాత్రూంకు పోయేటప్పుడు పడే ప్రమాదం ఉంది. దారిలో బిందెలు, వైర్లు తీసేయండి. చిన్న లైటు వెలగనివ్వండి. తడి నేల మీద గోనెసంచి వేయండి, జారకుండా చూడండి. గోలీల మీద పేర్లు చదవలేని అమ్మకు పొద్దుటివి ఒక డబ్బాలో, రాత్రివి ఇంకో డబ్బాలో పెట్టండి. బాగైందని బీపీ గోలీలు ఆపనివ్వొద్దు. రేకుల ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం పెద్దవాళ్లను ఒంటరిగా వదలొద్దు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంకో మాట మన ఇండ్లల్లోనే తేల్చుకోవాలి. ఈ పనులన్నీ కూతురి మీదో కోడలి మీదో పడుతున్నాయి. ఆమె కూడా పొద్దున ఆరింటికి ఆటో ఎక్కాల్సిన మనిషే. గోలీల డబ్బా నింపడం, ఆస్పత్రి లైన్‌లో నిలబడటం కొడుకులకూ వచ్చు.

విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగే పని ఒకటుంది. ఆదివారం మీ దగ్గరి బస్తీకి పోయి పది జీతం చీటీలు చదవండి. ఈఎస్ఐ నంబర్ లేని ప్రతి చీటీ మీద కంపెనీని అడగాల్సిన ప్రశ్న ఉంటుంది. అడుగుదాం.